గజ్జ నుంచా, మణికట్టు నుంచా?

కిడ్నీకి రక్తం తీసుకెళ్లే ధమని సన్నబడితే బీపీ ఎన్ని మందులకూ లొంగకపోవచ్చు. అలాంటి ధమనిని కోత లేకుండా బెలూన్‌తో వెడల్పు చేసే దారి చూపినవారు డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. 1939లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పనిచేస్తూ, ఇంట్లో వంటగది బల్ల మీదే బెలూన్ కెథెటర్లు తయారుచేశారు. 1977 సెప్టెంబరు 16న, మెలకువగా ఉన్న రోగి గుండె ధమనిని మొదటిసారి బెలూన్‌తో తెరిచారు. మరుసటి ఏడాది కిడ్నీ ధమని చికిత్స గురించీ ప్రకటించారు. విజయాలతోపాటు వైఫల్యాలనూ దాచకుండా చెప్పేవారు. 1985లో అమెరికాలో, స్వయంగా నడుపుతున్న విమానం కూలి 46 ఏళ్లకే కన్నుమూశారు.

ఆయన కాలంలో ప్రధాన దారి గజ్జ ధమనే. అది పెద్దది, కిడ్నీకి దగ్గర. కానీ తర్వాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. రక్తం లోలోపల కారితే వెంటనే తెలియకపోవచ్చు.

మణికట్టు దారి ఆయన పోయాకే వాడుకలోకి వచ్చింది. అక్కడ రక్తం కారితే కనిపిస్తుంది, నొక్కితే ఆగుతుంది. త్వరగా లేచి కూర్చోవచ్చు. చాలామందిలో కిడ్నీ ధమని కిందికి వాలి ఉంటుంది కనుక పైనుంచి వచ్చే తీగ తేలిగ్గా దూరుతుంది. అయితే మణికట్టు ధమని సన్నం, బిగుసుకుపోవచ్చు, మూసుకుపోవచ్చు.

క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోండి. రేపు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులా వేయడానికి చేతి ధమని బాగుండాలి. అందుకే ఏ దారి మేలో ముందే మీ డాక్టరుగారిని అడగండి.