వనపుత్రిక సమ్మక్క

అడవిలో ఒంటరిగా బ్రతికిన బాలికల నవలలను మన విద్యార్థులు ఆసక్తితో చదువుదురు. అట్టి బాలిక కథ మన కరీంనగర్ సీమలోనే కలదు. జగిత్యాల చెంతనున్న పొలవాస ప్రభువు మేడరాజు వేటకు వెళ్లగా, పులుల నడుమ నిర్భయముగా ఆడుకొనుచున్న పసిపాప కనిపించినదని ఐతిహ్యము. ఆమెయే సమ్మక్క. పెరిగి పెద్దదై ఆకుపసరులతో రోగులను స్వస్థపరచినదట. మేడారము నేలిన పగిడిద్దరాజును వివాహమాడి సారలమ్మ, నాగులమ్మ, జంపన్నలకు తల్లియైనది.

కరవు కాలమున కోయలు కప్పము చెల్లింపజాలకపోగా కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) సేనలు దండెత్తినవి. శాసనములలోని మేడరాజు 12వ శతాబ్దివాడు. ఐతిహ్యమునకు ఆ లెక్క పట్టదు. భర్తయు బిడ్డలును పోరులో అసువులు బాసిరి. జంపన్న దూకిన సంపెంగవాగు జంపన్నవాగైనది. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట నెక్కి అదృశ్యమైనది. వెదకినవారికి దొరికినది కుంకుమభరిణె మాత్రమే. రెండేండ్లకొకసారి మాఘమాసమున ఆ భరిణెనే గుట్ట దింపి గద్దెకు చేర్చుదురు.