పద్యానికి గొంతుక

కృష్ణా జిల్లా చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. సంగీతముపై మక్కువతో చేతి ఉంగరమమ్ముకొని విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై, జోలె పట్టి మధుకరముతో కడుపు నింపుకొనిరి. 1942 ఉద్యమమున చెరసాల చూచిరి. పిదప మద్రాసు చేరిరి.

నాటకరంగమున పద్యము చివర దీర్ఘముగా రాగము తీయుట ఆనాటి వాడుక. చప్పట్లు రాగమునకే గాని మాటకు కావు. ఘంటసాలవారు రాగమును కుదించి మాటను నిలిపిరి. వాద్యములు వెనుకకు తగ్గి గొంతుకకు దారి యిచ్చెడివి. కరుణశ్రీ పుష్పవిలాపము ఊరూర మ్రోగుటకును, ‘నర్తనశాల’ (1963)లో నెల్లూరి తిక్కన విరాటపర్వ పద్యము నిరక్షరాస్యుని చెవికిని ఎక్కుటకును ఇదియే కారణము. తరగతిలో పద్యము చదువు ఉపాధ్యాయులు వినదగిన పాఠమది!

కడపట భగవద్గీతను పాడి రికార్డు చేయించిరి. అది విడుదల కాకమునుపే, 1974 ఫిబ్రవరి 11న, మద్రాసులో కన్నుమూసిరి.