బ్రౌను దొరగారును మా పదబంధ ప్రహేళికయు

మా పాఠశాల పఠనమందిరమునకు వచ్చు దినపత్రికలో పదబంధ ప్రహేళిక గల పుట మధ్యాహ్నమునకే నలిగిపోవును. తీరిక దొరకినతోడనే పది తలలు దానిపై వంగును. 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు వరల్డు అను పత్రికలో ఆర్థర్ విన్ అను లివర్‌పూలువాడు మొదలిడిన ఈ ఆట, తెలుగులోనికి వచ్చునప్పటికి మరికొంత కఠినమైనది. మన గళ్లలో గుణింతముతోను ఒత్తులతోను కూడిన పూర్ణాక్షరము కూర్చుండును. అడ్డముగా పి వచ్చినచో నిలువునకును పి యే కావలెను. ప గాని పీ గాని అచ్చట పొసగదు.

ఒకనాడు అట్లు వంగిన తలలు ఎంతసేపటికిని లేవలేదు. ఎద్దులచే బావినీరు తోడు సాధనము, మూడు గళ్లు, నడిమి గడిలో పి. ఇంతియే ఆధారము. ఒకడు మోట అనెను, అది రెండక్షరములే. మరియొకడు ఏతము అనెను. అక్షరములు మూడే గాని నడుమ పి లేదు, పైగా దానిని త్రొక్కువారు మనుష్యులు గాని ఎద్దులు గావు. ఒక బాలిక పరుగున పోయి బ్రౌను నిఘంటువును తెచ్చెను. నిఘంటువు మొదటి యక్షరమును బట్టి కూర్పబడినది. మాకు లేనిది ఆ మొదటి యక్షరమే. ఇంగ్లీషునుండి తెలుగునకు పోవు సంపుటమును తెరతమన్నచో ఆ సాధనమునకు ఇంగ్లీషు పేరేమో యెవ్వరికిని తెలియదు. అమరకోశము అర్థమును బట్టి కూర్పబడినదే కాని, అందలివి సంస్కృతపదములు. కుప్పమునుండి వచ్చి మదనపల్లెలో చదువుకొనుచున్న బాలుడొకడు మాత్రము, అరవమువారు దానిని కవలై అందురనియు, కన్నడమువారు కపిలె అందురనియు, తెలుగుమాట తానెరుగననియు చెప్పెను. ఆ సాయంకాలము మనుమని చూడ పుంగనూరు ప్రాంతమునుండి వచ్చిన ముసలి రైతొకడు, పిల్లలడుగగా, తలయైన ఎత్తక కపిల అని చెప్పివేసెను. ఆయన బాల్యమున కపిల తోలినవాడట. అక్షరములు మాత్రము నేర్వలేదు.

అంతటితో తగవు పుట్టెను. ఇతరుల నడిగి నింపిన గడి తమది కాదని కొందరు, అడుగుటలో తప్పేమున్నదని కొందరు. తీర్పునకు మాయొద్దకు వచ్చిరి. మేము తీర్పు చెప్పలేదు. బల్లపై తెరచియున్న నిఘంటువును చూపి, దానిని చేసినవాని కథ చెప్పితిమి. ఆ కథయే కొంచెము విస్తరించి ఇచ్చట వ్రాయుచున్నాము.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ గురువు, పలుభాషల నెరిగినవాడు, కుమారులకును బాల్యముననే అనేకభాషలు చెప్పించెను. 1812లో ఆయన మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు పోయెను. బాలుడు అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు తగిన చదువు ముగించి, 1817లో చెన్నపట్టణమున దిగెను. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్కయు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు ఓనమాలు దిద్దించెను. మొదటినుండియు ఆయన ఇతరుల నడిగి నేర్చినవాడే యని చదువరులు గమనింతురు గాక.

1820లో ఆయన కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. మదనపల్లె 1911 వరకు కడప మండలములోనిదే. పుంగనూరును కుప్పమును అప్పుడు ఉత్తరార్కాటుమండలమున ఉండెడివి. ఆ సంవత్సరమున ఈ మూడును క్రొత్తగా నేర్పడిన చిత్తూరుమండలమున కలిసినవి. కాబట్టి దొరగారు మొట్టమొదట చెవినిడిన పల్లెతెలుగు మన యిరుగుపొరుగువారిదే యనుట అతిశయోక్తి గాదు. కచ్చేరికి వచ్చు రైతు పలుకు మాట యొకటి, పంతులుగారు చెప్పించిన కావ్యములోని మాట యొకటి. రెండింటికిని నడుమ వంతెన లేదు. ఆయన బదిలీపై మచిలీపట్టణమునకును, పిమ్మట రాజమహేంద్రవరమునకును పోయెను. 1824లో దుబాయి అను ఫ్రెంచి గురువు వ్రాసిన గ్రంథమున వేమన పేరు చూచి, అతని పద్యముల వ్రాతప్రతులు సేకరింప నారంభించెను. పండితులలో అనేకులు నాడు వేమనను కవులలో చేర్చుకొనలేదు. వేమన సమాధి యున్నదని చెప్పెడి కటారుపల్లె, మదనపల్లెకు వాయవ్యమున కదిరి దాపున నున్నది. మన పిల్లలలో దానిని చూచినవారెందరో మాకు సందేహము. దొరగారు ప్రతులను సరిపోల్చి 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చొత్తించెను. పదియేండ్ల తరువాత ఆ సంఖ్య 1164 అయ్యెను.

వ్రాతప్రతులను సరిపోల్చుట యనగా ఏమో నేటి బాలురకు తెలియదు. తాటాకుపై గంటముతో వ్రాసినవాడు మాటకును మాటకును నడుమ ఎడము విడువడు. పద్యమెచ్చట తెగునో, మాట యెచ్చట మొదలగునో చదువువాడే తెలిసికొనవలెను. నల్లగళ్లు లేని పదబంధ ప్రహేళిక యనవచ్చును. పురుగు తొలిచిన చోట అక్షరములుండవు. వ్రాయసకాడు పొరపడిన చోట ఉన్న అక్షరమును నమ్మరాదు. ఒక ప్రతిలోని ఖాళీని వేరొక ప్రతి పూరించును. రెండును పూరింపనిచో పండితుని అడుగవలెను. ఈ పనికై బ్రౌను కడపలో ఒక బంగళా కొని, అందు పండితులను వ్రాయసగాండ్రను నిలిపి, తన జీతమునుండి వారికి జీతములిచ్చెను. జూలూరి అప్పయ్యశాస్త్రి, వఠ్యము అద్వైతబ్రహ్మశాస్త్రి మొదలగువారు ఆయన కొలువున పనిచేసిరి. మనుచరిత్రకు అప్పయ్యశాస్త్రి చేసిన వ్యాఖ్య 1851లో అచ్చుపడెను. దొరగారు అప్పులపాలయిరి. ఇంత ఖర్చు ఏల యని ఆయన నడిగినవారు లేకపోలేదు, ఆయన మానలేదు. ఆయన యందు మాకు గౌరవమున్నను ఒక మాట చెప్పక తప్పదు. నిఘంటువు ముఖపత్రముపై ఆయన పేరొక్కటియే యున్నది. పండితుల పేర్లు వెదకువారికి లోపలి పుటలలో దొరకునే గాని, ముఖపత్రమున దొరకవు.

1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీడించెను. ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. చెన్నపట్టణమునకు వ్రాయు లేఖలలో ధాన్యపు కొరత యని మెత్తగా వ్రాయుట అధికారుల వాడుక. బ్రౌను మాత్రము కరువును కరువనియే వ్రాసెను. పైవారికి అది రుచింపలేదు. ప్రహేళికలో అర్థము సరిపోయినచో ఏ పర్యాయపదమైనను గడికి పట్టిన చాలును. కాని ఆకలితో చచ్చుచున్నవారి విషయమున కొరతయు కరువును పర్యాయపదములు గావని ఆయన యెరుగును. ఆయన జీవితమున మేము అధికముగా మెచ్చునది ఈ ఒక్క మాటనే.

తరువాత ఇంగ్లండునకు పోయి అచ్చట కొన్నియేండ్లుండెను. ఊరక కూర్చుండలేదు. ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశభాషల వ్రాతప్రతులు చూచువారు లేక పడియుండగా, వానిని చెన్నపట్టణమునకు మరల పంపించు యత్నము చేసి కృతార్థుడయ్యెను. తిరిగివచ్చి ప్రభుత్వమునకు అనువాదకుడుగా కొలువు చేయుచు, 1840లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1846లో తపాలాశాఖకు అధిపతి యయ్యెను. పగలు ఉత్తరముల పని, మిగిలిన కాలమెల్ల మాటల పని. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో చెన్నపట్టణపు వేపేరియందలి క్రైస్తవజ్ఞానసంఘ ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. ఇంగ్లీషు–తెలుగు సంపుటమును దాని వెంబడినే వచ్చెను. కచ్చేరీలలోను సంతలలోను పలుకబడు పారసీ హిందూస్తానీ మాటలను పండితులు తెలుగే కాదన్నను ఆయన విడువలేదు. వానికై మిశ్రభాషా నిఘంటువును వేరుగా కూర్చెను. జమాబందీ, ఫసలీ వంటి మాటలు లేకున్న రైతు తన పన్ను కాగితమునైన చదువుకొనజాలడు గదా. నెల్లూరివాడగు తాతాచార్యులు చెప్పిన కథలను వ్రాయించి 1855లో అచ్చువేయించుటయు ఈ తలంపుతోనే: నోట పలుకు తెలుగు కాగితముపై నిలువవలెనని.

ఆ యేడే ఆయన కొలువు విరమించి లండనునకు పోయెను. పెండ్లి చేసికొనలేదు. 1865లో అచ్చటి యూనివర్సిటీ కాలేజీలో తెలుగునకు ఆచార్యుడయ్యెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన మరణించి కెన్సల్ గ్రీను శ్మశానమున నిద్రించుచున్నాడు. 1903లో ఎం. వెంకటరత్నము, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము పంతులు ఆయన నిఘంటువును సవరించి, పెంచి ప్రకటించిరి. మా బల్లపై నున్నది ఆ కూర్పునకు పునర్ముద్రణమే. కడపలో ఆయన బంగళా శిథిలమైపోగా, ఆ చోటనే 20వ శతాబ్దపు తుదిని జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలచే ఆయన పేరిట గ్రంథాలయము వెలసినది. విద్యావిహారయాత్రకు కడప పోవు తరగతులు దానిని చూచి రావలెనని కోరుచున్నాము.

కథ ముగియగా పిల్లలు తమ తగవును గూర్చి మరల మమ్మడుగలేదు. మరునాటి పత్రికలోని సమాధానములలో కపిల యే యుండెను. మేము ఆ పాత పుటను చింపివేయబోయి చూచితిమి. ఆ మూడు గళ్ల ప్రక్కన, కాగితపు అంచుమీద, ఎవరో సీసపు కలముతో పుంగనూరు తాత అని వ్రాసియుండిరి. దాని క్రింద వేరొక దస్తూరిలో కుప్పపు బాలుని పేరును ఉండెను.