చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు

సమత్వమను మాట వినినంతనే మనవారు బుద్ధదేవుని, బసవేశ్వరుని స్మరింతురు. మన పల్నాటిలోనే పుట్టిన బ్రహ్మనాయుని మాత్రము యుద్ధవీరుడుగనే తలంతురు. అతని చరిత్రము శ్రీనాథుని పేర వెలసిన ద్విపద కావ్యమువలనను, వీరగాథలు పాడువారివలనను మనకు దక్కినది. అందు గాథయెంతయో, జరిగినదెంతయో వేరుచేయుట కష్టము.

దొడ్డనాయుని కుమారుడైన బ్రహ్మన్న, నలగామరాజు గురజాల నేలుచుండగా, అతని సవతితమ్ముడగు మలిదేవుని పక్షము వహించి మాచెర్ల చేరెను. పంక్తిభేదమే ధర్మమని లోకము నమ్మిన ఆ దినములలో, చాపలు పరపించి, సకల కులముల వీరులను వానిపై సరిగా కూర్చుండబెట్టి, ఒకే వంట వడ్డింపించెను. అదియే చాపకూడు. మాల కులజుడైన కన్నమదాసును కొడుకుగా చేపట్టి సేనాపతిని గావించెను. ఒకపూట అన్నము జాలిచేతనైనను పెట్టవచ్చును. సైన్యమును, తన ప్రాణమును ఒకని చేతికప్పగించుట జాలిచేత జరుగునది కాదు. మాచెర్ల చెన్నకేశవాలయమున పంచములకు ప్రవేశమొసగెననియు ప్రతీతి. మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము 1947లో వచ్చినది. పల్నాటి యుద్ధము 1182 ప్రాంతమున జరిగెనందురు. లెక్కలు వ్రాయు అలవాటుచేత తీసివేసి చూచితిని: 765 సంవత్సరములు!

బసవేశ్వరుడును ఆ శతాబ్దమువాడే. అతడు శైవుడు, ఇతడు వైష్ణవుడు. అతని వచనములు నిలిచినవి; ఇతడు వ్రాసినది ఒక్క పంక్తియు లేదు.

ఇంతటివాడు నాయకురాలు నాగమ్మతో కోడిపందెమునకు రాజ్యమొడ్డుట నాకు ఏనాడును మింగుడుపడలేదు. పందెమోడి మలిదేవాదులు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరిన పిదప రాయబారమేగిన అలరాజు హతుడయ్యెను. కారెంపూడి రణమున నాగులేటి యొడ్డున కుమారుడు బాలచంద్రుడు కూలెను, కన్నమదాసు కూలెను. ఒకే చాపపై తిన్నవారు ఒకే నేలపై ఒరిగిరి. చాపపై కూర్చుండబెట్టిన చేయియే వారిని పోరునకు పంపినదను మాటయు దాచదగినది కాదు.

మిగిలిన బ్రహ్మన్న నలగామునకే రాజ్యమప్పగించి, మన పిడుగురాళ్లకు చేరువనున్న గుత్తికొండ బిలమున తపమునకు జొచ్చెనని పెద్దల మాట. కారెంపూడిలో నేటికిని కార్తిక అమావాస్యనుండి అయిదు దినములు వీరుల ఉత్సవము జరుగును. మందపోరునాడు చాపకూడు వడ్డింతురు. అచ్చట ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో అడుగువారు లేరు.