గజ్జలహట్టి కనుమ క్రింద ష్వార్ట్జ్ అయ్యగారు



కృష్ణగిరిలో బస్సెక్కి శూళగిరి మీదుగా హోసూరు చేరే మనకు, క్రింది సీమనుండి మైసూరు పీఠభూమి ఎక్కుతున్నామన్న సంగతే తట్టదు. చల్లగాలి తగిలినప్పుడు పిల్లలకు స్వెట్టరు తొడుగుతాము, అంతే. 1779లో ఈ రెండు ఊళ్లూ హైదరాలీ ఏలుబడిలో ఉండేవి. ఆ ఏడు ఒక దైవసేవకుడు మనకు నైరుతి దిక్కుననున్న మరో కనుమ గుండా అదే పీఠభూమి ఎక్కారు.

ఆయనే క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్ అయ్యగారు. 1726లో జర్మనీలో పుట్టారు. తెలుగువారమైన మనకు ఆయనతో ఒక దూరపు చుట్టరికముంది. బైబిలును తెలుగులోకి తెచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు హాలే పట్టణానికి తిరిగి వెళ్లినప్పుడు, తమిళ బైబిలు అచ్చుపనికి సాయముండేందుకే యువకుడైన ష్వార్ట్జ్ తమిళం నేర్చుకున్నారు. ఆ భాషే ఆయనను 1750లో తరంగంబాడికి తీసుకొచ్చింది. ఆయన లూథరన్, బాప్తిస్మం విషయమై మన బోధ వేరు. అయినా ఆయన సాక్ష్యం మనకూ చెందినదే.

ఇంగ్లీషువారు మాహే పట్టుకొనడంతో హైదరాలీ మండిపడుతున్నాడు. అతని మనసు తెలుసుకొని సమాధానపు మాట చెప్పి రమ్మని మద్రాసు గవర్నరు రంబోల్డ్, హిందూస్థానీ బాగా తెలిసిన ష్వార్ట్జ్ గారిని కోరాడు. జూలైలో బయలుదేరి, అనుమతి కోసం కరూరులో సుమారు నెల కనిపెట్టారు. తరువాత సత్యమంగలం, ఆపైన గజ్జలహట్టి కనుమ.

అది మోయార్ లోయనుండి నిటారుగా లేచే దారి. 2013 నుండి ఆ అడవి పులుల అభయారణ్యం; అప్పుడూ పులులదే. ఘాటు ఎక్కేవారు క్రింద రాత్రి దిగి, నిప్పులు వేసుకొని, తెల్లవారాక కదలడం ఆనాటి వాడుక. ఆ విడిదిని తలచుకుంటే మాకు పులికన్న మరొకటే ఎక్కువ భయం గొలుపుతుంది. ఏబది రెండేండ్ల బోధకుడు, తనను పంపినవారు మాట నిలుపుకుంటారో లేదో ఎరుగకుండా, వారి మాట మోసుకొని పైకెక్కాలి. బోధకుడు దొరల రాయబారానికి వెళ్లవచ్చునా అని మాలో కొందరు అడుగుతారు. యుద్ధం ఆగవచ్చునన్న ఆశ ఉన్నప్పుడు ఇంట కూర్చోవడం ఆయనకు సాధ్యమై ఉండదని మా అభిప్రాయం.

శ్రీరంగపట్నంలో కోట లోపల జ్వరాలు ప్రబలినందున వెలుపల గుడారంలోనే దిగారు. హైదరు కొలువులోని ఐరోపా సిపాయిలకు అక్కడే ఆరాధన జరిపించారు. నవాబు పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడాడు. దారిఖర్చుకిచ్చిన 300 రూపాయలను అయ్యగారు వాడుకోలేదు. తంజావూరులో బడి పెట్టడానికి మూలధనం చేశారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఆ సంగతి మరీ ఇష్టం.

సమాధానం మాత్రం నిలువలేదు. 1780 జూలైలో హైదరు సైన్యాలు కర్ణాటకంపై విరుచుకుపడ్డాయి. ఊళ్లు తగలబడుతున్న ఆ రోజుల్లోనూ ఈ పాదిరిని ఎక్కడా ఆటంకపరచవద్దని అతడు తన అధికారులకు ఉత్తరువిచ్చాడు.

1783 చివర అయ్యగారిని మళ్లీ పంపారు, ఈసారి టిప్పు వద్దకు. టిప్పు మనుషులు సత్యమంగలం దగ్గరే అడ్డగించారు. రెండవసారి కనుమ ఎక్కనివ్వలేదు. ఆయన తంజావూరు తిరిగిపోయి, 1798 ఫిబ్రవరి 13న అక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆయన సంరక్షణలో పెరిగిన శరభోజి రాజు చెక్కించిన పాలరాతి శిల్పం తంజావూరు కోటలోని చర్చిలో ఉంది. అందులో రాజు మంచం పక్క నిలిచి ముసలి అయ్యగారి చేయి పట్టుకొని ఉంటాడు.