చెప్పకుండా ఓడెక్కిన రమేశ్

నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలు, టీసీ కోసం పరుగులు, కొత్త ఊళ్లో కొత్త బెంచీ, పేరు అడిగే కొత్త ముఖాలు. సుమారు నూట డెబ్బై ఏళ్ల క్రితం ఒక బెంగాలీ పిల్లవాడు కూడా ఇలాగే పెరిగాడు. అతని పేరు రమేశ్ చంద్ర దత్. తండ్రి ఈశాన్ చంద్ర దత్ డిప్యూటీ కలెక్టరు. ఆయన ఏ జిల్లాకు వెళితే రమేశ్ బడి అక్కడికి మారేది.

రమేశ్ 1848 ఆగస్టు 13న కలకత్తాలో పుట్టాడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. 1861లో తండ్రి పడవ ప్రమాదంలో మరణించాడు. అప్పటి నుంచి బాబాయి శశి చంద్ర దత్ పెంచాడు. హేర్ స్కూలు, ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. చదువులో ఎప్పుడూ ముందే. ఆ రోజుల్లో అందరికీ జరిగినట్టే పదహారేళ్లు నిండకుండానే అతనికీ పెళ్లయింది.

ఆ కాలంలో జిల్లాలను ఏలే పెద్ద ఉద్యోగాలన్నీ ఐసీఎస్ వాళ్లవి. ఆ పరీక్ష లండన్‌లోనే జరిగేది. అంతకుముందు అందులో నెగ్గిన భారతీయుడు ఒక్కడే, రవీంద్రనాథ్ ఠాగూర్ అన్నగారు సత్యేంద్రనాథ్. పైగా సముద్రం దాటితే కులం పోతుందని ఇళ్లలో భయం. అడిగితే ఒప్పుకోరని రమేశ్‌కు తెలుసు. అందుకే అడగలేదు. బీఏ మధ్యలో ఉండగానే ఒక రాత్రి ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. అది మంచి పని అని మేము అనబోవడం లేదు. ఆ రాత్రి అతని మనసులో ఎంత బరువు ఉండి ఉంటుందో మాత్రం మేము చాలాసేపు మాట్లాడుకున్నాం.

1868 మార్చి 3న కలకత్తా నుంచి ఓడ కదిలింది. రమేశ్‌తో పాటు ఇంకో ఇద్దరు ఉన్నారు. ఒకరు నెమ్మదస్తుడైన స్నేహితుడు బిహారీ లాల్ గుప్త. ఇంకొకరు సురేంద్రనాథ్ బెనర్జీ. ముగ్గురికీ ఇరవై ఏళ్లు నిండలేదు. సురేంద్రనాథ్ అప్పుడే బీఏ అయ్యాడు. పెద్ద ఆశలున్నవాడు, మాటకారి, పట్టిన పట్టు విడవనివాడు. అతని తండ్రి డాక్టరు, కొడుకు ప్రయాణానికి ఆయనే అన్నీ సమకూర్చాడు. తల్లికి మాత్రం బయలుదేరే ముందు రోజు వరకు చెప్పలేదు. విన్నాక ఆమె స్పృహ తప్పి పడిపోయింది.

సూయజ్ కాలువ అప్పటికి ఇంకా తెరవలేదు. అది మరుసటి ఏడు మొదలైంది. సూయజ్‌లో ఓడ దిగి, ఈజిప్టు మీదుగా రైల్లో వెళ్లి, మధ్యధరా సముద్రంలో మళ్లీ ఇంకో ఓడ ఎక్కాలి. దారి పొడవునా చూసినవన్నీ రమేశ్ ఉత్తరాలుగా ఇంటికి రాసేవాడు. చెప్పకుండా వెళ్లినవాడు అంత ఓపికగా రాయడం మాకు నచ్చింది. తర్వాత ఆ ఉత్తరాలే ఒక పుస్తకమయ్యాయి.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో చేరి ఏడాదికి పైగా రాత్రీ పగలూ చదివారు. 1869 పరీక్షలో ముగ్గురూ నెగ్గారు. రమేశ్‌ది మూడో స్థానం! కానీ అసలు చిక్కు అప్పుడే వచ్చింది. సురేంద్రనాథ్ మెట్రిక్యులేషన్ కాగితాల్లో వయసు పదహారు అని ఉంది. మన పెద్దవాళ్లు పదిహేను నిండగానే పదహారో ఏడు నడుస్తోందని అంటారు కదా, అదీ ఆ లెక్కే. ఇంగ్లీషు అధికారులు దాన్ని పదహారు నిండినట్టు తీసుకుని, అతని వయసు పరిమితి దాటిందని పేరు కొట్టేశారు. సురేంద్రనాథ్ ఊరుకోలేదు. కోర్టుకెక్కి గెలిచి చోటు సంపాదించుకున్నాడు. ఆ గొడవల కాలంలోనే ఇక్కడ అతని తండ్రి కన్నుమూశాడు. కడసారి చూపు దక్కలేదు.

1871లో ముగ్గురూ తిరిగొచ్చారు. మూడేళ్లు గడిచేసరికి ఒక కేసు కాగితాల్లో జరిగిన పొరపాటుకు సురేంద్రనాథ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. మళ్లీ లండన్ వెళితే బారిస్టరు కావడానికీ ఒప్పుకోలేదు. అతను పంతులుగా మారాడు. 1876లో ఇండియన్ అసోసియేషన్ స్థాపించాడు. ఐసీఎస్ వయసు పరిమితిని ఇరవై ఒకటి నుంచి పంతొమ్మిదికి తగ్గించినప్పుడు దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. మద్రాసుకూ వచ్చాడు.

రమేశ్ మాత్రం ఉద్యోగంలోనే ఉండిపోయాడు. తండ్రిలాగే జిల్లా తర్వాత జిల్లా. 1876లో భయంకరమైన తుఫాను వచ్చి బెంగాల్ తీరాన వేలాది మంది కొట్టుకుపోయారు. అప్పుడు దక్షిణ షాబాజ్‌పూర్ దీవికి అతన్ని పంపారు. ఊళ్లకు ఊళ్లు పోయిన చోట, వెనకే కలరా వచ్చిన చోట, బతికినవాళ్లకు తిండీ నీడా చూసే పని. పల్లెలను అంత దగ్గరగా చూసినవాడు కనుకనే కాబోలు, కరవు వానలు లేక మాత్రమే రాదని, భూమి శిస్తు భారం వల్ల రైతు చేతిలో ఏమీ మిగలకపోవడమూ కారణమేనని తర్వాత గట్టిగా వాదించాడు. 1894లో డివిజనల్ కమిషనరు అయ్యాడు. ఆ పదవికి ఎదిగిన మొదటి భారతీయుడు అతనే.

ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉండగానే 1897లో ఉద్యోగం వదిలేశాడు. శిస్తుల గురించి వైస్రాయి కర్జన్‌కు బహిరంగ లేఖలు రాశాడు. వాటిలో మన మద్రాసు రాష్ట్రం రైతుల సంగతీ ఉంది. బ్రిటిష్ పాలనలో మన దేశం ఎలా బీదదయిందో రెండు సంపుటాల ఆర్థిక చరిత్రలో లెక్కలతో చూపించాడు. సర్కారు ఉద్యోగిగా ఉండగా నోరు విప్పలేనివాడు 1899లో లక్నో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. సురేంద్రనాథ్ అంతకుముందే, 1895లో పూనాలో ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1902లో అహ్మదాబాద్‌లో మళ్లీ కూర్చున్నాడు. ఒకే ఓడలో వెళ్లి, ఒకే పరీక్ష రాసి, వేర్వేరు దారుల్లో నడిచి, ఇద్దరూ ఒకే వేదిక దగ్గరికి వచ్చారు.

రమేశ్ చివరి మజిలీ బరోడా సంస్థానం. అక్కడ దివానుగా ఉంటూ 1909 నవంబరు 30న మరణించాడు. సురేంద్రనాథ్ 1925 దాకా బతికాడు. ఆ ఏడే వెలువడిన ఆత్మకథలో, ముగ్గురూ ఏదో కుట్ర చేస్తున్నట్టు రహస్యంగా ఏర్పాట్లు చేసుకుని ఓడెక్కిన సంగతి, తల్లి పడిపోయిన సంగతి ఆయన మరిచిపోకుండా రాసుకున్నాడు.