జాంగో రైన్‌హార్ట్

పారిసు నగరపు ఉత్తరపు టంచున సెంట్ ఊవాన్ అను పేట గలదు. అచ్చటి పాత సామానుల సంత నడుమ నున్న చిన్న పానశాలలయందు జిప్సీ వాద్యగాండ్రు కూర్చుండి గిటారు వాయించుట చిరకాలపు వాడుక. గది యిరుకైనది, వేదిక లేదు, మద్దెల లేదు. వాయించువాని మోచేయి వినువాని బల్లకు తగులునంత దగ్గర. ఒకరిద్దరు తాళమును నడపుచుండగా మరియొకడు రాగమును పరుగెత్తించును. పానశాలలకు పొండని మా విద్యార్థులతో మే మెన్నడును చెప్పము గాని, ఈ జిప్సీ జాజ్ సంగీతము పెరిగినది అట్టి గదులలోనే యని చెప్పక తప్పదు. దీనికి మూలపురుషుడు జాంగో రైన్‌హార్ట్.

ఇతడు 1910వ సంవత్సరము జనవరి 23వ తేదీన బెల్జియము దేశములోని లిబెర్షీ గ్రామముకడ, గుఱ్ఱపుబండిపై కట్టిన యింటిలో జన్మించెను. అతని జనులకు మనూషులని పేరు. ఈ మాట మన మనుష్య శబ్దమునకు చుట్టమే. జిప్సీల పూర్వులు సుమారు వెయ్యి యేండ్ల క్రిందట మన దేశపు వాయవ్య భాగమునుండి పడమరకు పోయినవారని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వారి భాషలో రెండును దుయ్ అనియు, అయిదును పాంజ్ అనియు, నీళ్లను పానీ అనియు చెప్పుట వినిన మన పిల్లలు సైతము ఆశ్చర్యపడక మానరు.

జాంగో పారిసు శివారు గుడారములలో పెరిగెను. బడికి పోయి చదువుకొన్నవాడు కాడు. పండ్రెండవ యేట చేతికి వచ్చిన బాంజోను చూచి, విని, నేర్చెను. రెండు మూడేండ్లలోనే పెద్దల సరసన కూర్చుండి నాట్యశాలలలో వాయించి డబ్బు తెచ్చెను. ఆ నాట్యశాలలలో పెత్తనము అకార్డియనుది. అది రొమ్మున తగిలించుకొని వాయించు హార్మోనియము వంటిది. 1928లో అతని వాద్యము మొదటిసారి గ్రామఫోను పలకల కెక్కెను. పేరు వ్రాయుట రానివాడగుటచే పలకమీద అది తప్పుగా అచ్చుపడెను.

ఆ యేటి చివరనే ఆపద వచ్చెను. అతని భార్య సెల్యులాయిడు పూవులు చేసి అమ్ముచుండెను. ఒక రాత్రి అతడు వాయించి ఇల్లు చేరునప్పటికి బండినిండ మరునాటికి సిద్ధపరచిన పూవు లుండెను. క్రొవ్వొత్తి నిప్పు వానికంటుకొని క్షణములో బండి యంతయు మండెను. ఇరువురును ప్రాణములతో బయటపడిరి గాని, జాంగో కుడికాలును ఎడమచేయియు ఘోరముగా కాలెను. కాలు తీసివేయవలెనని వైద్యులనగా అతడొప్పుకొనలేదు. సుమారు పదునెనిమిది మాసములు మంచముపై నుండెను. తమ్ముడు జోసెఫు గిటారు తెచ్చి యిచ్చెను.

గిటారు వాయించువానికి ఎడమచేయియే ప్రాణము. తంతులను నొక్కి స్వరములను పలికించునది అదియే. జాంగోకు ఆ చేతి ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును ముడుచుకొనిపోయి చాపరాకుండెను. మిగిలినవి చూపుడు వ్రేలును నడిమి వ్రేలును. నాలుగు వ్రేళ్లతో ఒకచోట నిలిచి పలికింపదగిన స్వరములను అతడు రెండు వ్రేళ్లతో తంతి పొడవున పైకిని క్రిందికిని పరుగులుపెట్టి పలికించెను. వంకరపోయిన వ్రేళ్లను సైతము ఊరకుండనీయక, పలుస్వరములు కలిపి పలికించునప్పుడు వానిచేత తంతులను కొంత నొక్కించెను. అందరిదారి మూతపడుటచేత అతడు వేరుదారి త్రొక్కెను. ఆ దారియే తరువాతివారికి రాజమార్గమయ్యెను. నాలుగు వ్రేళ్లును చక్కగా నున్నవారు నేడు అతని పోకడ పట్టుబడుటకై రెండు వ్రేళ్లతో సాధన చేయుదురు.

1934లో ఫిడేలు వాద్యగాడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి ఫ్రాన్సు హాట్ క్లబ్బు పంచవాద్యమేళము నేర్పరచెను: ఫిడేలు ఒకటి, గిటారులు మూడు, పెద్ద బేసు ఒకటి. డప్పు లేని జాజ్ ఆ కాలపువారికి వింత. డప్పు పని గిటారులే చేసెను. ఆ కొట్టుడును ఫ్రెంచివారు పంపు అందురు, నీరు తోడు పంపువలె ఆగక సాగునని కాబోలు.

1939లో యుద్ధము వచ్చునప్పటికి మేళము లండనులో నుండెను. గ్రాపెల్లి అచ్చటనే నిలిచెను. జాంగో పారిసునకు మరలెను. జర్మనులు నగరమును పట్టుకొనినపిమ్మట అతని కీర్తి తగ్గలేదు, హెచ్చెను. 1940లో అతడు కట్టిన మేఘములను పేరుగల బాణీని జనులు మరల మరల వాయింపించుకొనిరి. మనస్సును కలచునది మరియొకటి కలదు. అతనికి చప్పట్లు మ్రోగుచున్న ఆ దినములలోనే నాజీలు ఐరోపాయందు అతని జాతివారిని లక్షలకొలది చంపిరి. ఫ్రాన్సులో వేలమందిని కంచెలలో బంధించిరి. 1943లో అతడు స్విట్జర్లాండునకు పారిపోజూచి పట్టుపడెను. సంగీతాభిమానియైన జర్మను అధికారి విడిచిపెట్టెను. మరల పోగా స్విస్సు కావలివారు త్రిప్పి పంపిరి. విడుదల కోరదగిన గిటారు లేనివారి గతి ఏమయ్యెనో చరిత్ర చెప్పుచున్నది.

1946లో డ్యూక్ ఎల్లింగ్టను మేళముతో అమెరికా తిరిగెను. న్యూయార్కు కార్నెగీ హాలులో ఒక రాత్రి ఆలస్యముగా వచ్చి సభికులకు విసుగు పుట్టించెను. గడియారమునకు లోబడుట అతనికి చేతకాదు. ఇది మెచ్చదగినది కాదని మా యభిప్రాయము.

1951లో సేన్ నది యొడ్డున సమోవా గ్రామములో స్థిరపడి, చేపలు పట్టుచు, చిత్రములు వ్రాయుచు, అప్పుడప్పుడు పారిసునకు పోయి వాయించుచుండెను. 1953వ సంవత్సరము మే 16వ తేదీన పారిసునుండి మరలి వచ్చి, ఇంటికడనే మెదడులో రక్తనాళము చిట్లి పడిపోయెను. ఆనాడే మరణించెను. అప్పటికి నలువదిమూడేండ్లు. సమాధి ఆ గ్రామమందే యున్నది. చిన్న కుమారుడు బాబిక్‌కు అప్పుడు తొమ్మిదేండ్లు నిండలేదు. పెద్దవాడై అతడును గిటారే పట్టెను.